గోడ మీద బాణం గుర్తు

ఆ రోజు చర్ల బస్సులో సిగ్నల్ తగిలినప్పుడల్లా ఫోన్ తీసి చూస్తూనే ఉన్నాను. అడవి తేనె అమ్మే మా వెబ్‌సైట్‌కు ఎవరో జూదం సైట్ల నుంచి లెక్కలేనన్ని లింకులు పెట్టారు. దాంతో మాదీ అలాంటి సైటేనని లెక్కగట్టి, సెర్చ్‌లో మొదటి పేజీలో ఉండే మమ్మల్ని ఎక్కడో అడుగుకు తోసేశారు. ఆర్డర్లు ఆగిపోయాయి. ఆ లింకులు మావి కావని సెర్చ్ కంపెనీకి రాసి పంపాను కానీ, ఏమీ మారలేదు.

పక్క సీట్లో పెద్దామె అడిగింది. "ఏంది బిడ్డా, దవాఖానల ఎవలన్న ఉన్నరా?"

"లేదమ్మా. ఎవలో మా పేరు చెడగొట్టిన్రు," అని సంగతంతా చెప్పాను.

"మా గోడ మీద గూడ ఎవడో బెల్టు షాపని రాసి బాణం గుర్తేసిండు. సున్నం కొట్టిన. అయినా తాగెటోళ్లు తలుపు కొట్టుడు ఆపలే. ఇగ అరుగు మీద కుండ పెట్టి, వచ్చినోళ్లకు నీళ్లిచ్చి పంపిన. ఇప్పుడు మాది నీళ్లిచ్చే ఇల్లంటరు."

"అయితే నిమ్మళమే గదా?"

ఆమె కొంగు సర్దుకుంది. "ఏడ నిమ్మళం? తలుపు చప్పుడైతే ఇప్పటికీ గుండె దడే."

మా సైట్ మొదటి పేజీకి తిరిగొచ్చి చాలా కాలమైంది. పొద్దున లేవగానే, మొహమైనా కడగకముందే, మా సైట్ ఎక్కడుందో నేనింకా సెర్చ్‌లో వెతికి చూసుకుంటాను.