సాంచాల షెడ్డు గంట

స్వరూపకు కోపం వస్తే గొంతు పెరగదు, పని వేగం పెరుగుతుంది. ఆ రోజు సిరిసిల్లలో ఆటో మీదికి ఎక్కించిన సంచిని ఆమె ఒక్కతే దింపి, పుట్టింటి అరుగు మీద బోర్లించింది. పాత కరెంటు గంటలు గలగలా దొర్లాయి.

"పిచ్చి లేసిందా చెల్లె నీకు?" అన్నాడు అన్న దేవేందర్. ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, వరుసగా మూతపడుతున్నాయి. అతను సాంచాల పని కోసం పెళ్లాం పిల్లలతో మహారాష్ట్రలోని భివండి పోతున్నాడు. ఇల్లు ఖాళీ చేస్తూ, చనిపోయిన తండ్రి సాయిలు పనిబల్లనూ, పనిముట్లనూ, ఈ గంటల సంచినీ పాత ఇనుము కొనే రాజన్నకు అప్పగించి, అతని ఆటోలో ఎక్కించాడు.

"పిచ్చే అనుకో. గివి బాపువి. నాకియ్యి. కోరుట్లల గంటల రిపేరు దుకాణం పెడ్త."

మొగుడు దుబాయ్ పోయినప్పటి నుంచి కోరుట్లలో అందరూ ఆమెకు చెప్పే మాట ఒకటే, బీడీలు చుట్టుకోమని. చుట్టింది కూడా. కానీ వేళ్లకు ఇంకో విద్య తెలిసినప్పుడు ఆకు కత్తిరిస్తూ ఎన్నాళ్లు కూర్చుంటుంది? సాయిలు షెడ్డులో జాబరు, సాంచ మొరాయిస్తే బాగుచేసే మనిషి. ఇంటి దగ్గర జగిత్యాల బడి గంటలకూ, కోరుట్ల సినిమా హాలు గంటలకూ ప్రాణం పోసేవాడు. పక్కన కూర్చుని తీగ చుట్టింది కూతురే. కొడుక్కి అబ్బని విద్య ఆమెకు అబ్బింది. అది మాత్రం ఎవరికీ పట్టలేదు.

"మోగని గంటలతోని దుకాణమా?" దేవేందర్ నవ్వాడు. "ఒక్కటి మోగిచ్చు. అన్నీ నీవే, బల్ల గూడ. మోగకపోతె మల్ల నోరెత్తకు."

"మాట మీద ఉండు అన్నా."

తండ్రి పనిముట్లలోని మీటరు తీసి మొదటిదానికి పెడితే ముల్లు కదల్లేదు. లోపల తీగ తెగిపోయింది. రెండోదాని మూత తీయగానే మాడు వాసన. లావు తీగ, తక్కువ చుట్లు, బ్యాటరీతో నడవాల్సిన గంట. ఎవరో మహానుభావుడు నేరుగా ఇంటి కరెంటుకు తగిలించి చంపాడు. రాజన్న జాలిగా చూశాడు. ఆ జాలికి ఆమె ఒళ్లు మండింది.

మూడోది పెద్దది, దూదిపొట్టు పేరుకుని నల్లబడింది. ఇదీ బ్యాటరీదే. టార్చిలైటు సెల్లులు వరుసగా పేర్చి, తీగలు కలిపి, మీట నొక్కింది. ఠంగ్. అంతే. నొక్కి పట్టినా ఇంకో చప్పుడు లేదు.

"ఒక్కటి కొట్టి సచ్చింది," అన్నాడు రాజన్న. దేవేందర్ తల కూడా తిప్పలేదు. ఆటోలో ఉన్న బల్లకు తాడు బిగించడానికి పోయాడు.

అయినా స్వరూప లేవలేదు. గంటను వెలుగుకు తిప్పింది. మామూలు గంటల్లో సుత్తి వెనుక చిన్న మర ఉంటుంది. సుత్తి కదిలినప్పుడల్లా కరెంటును తెంపి, మళ్లీ కలిపి, ఆగకుండా మోగించేది అదే. ఇందులో మర లేదు. ఊడిపోయిన ఆనవాలూ లేదు. అంటే నొక్కినప్పుడల్లా ఒక్క దెబ్బే కొట్టాలి. ఇది చావలేదు, తన పని తాను చేసింది!

అలాంటి గంట ఆమె ఎరిగినంతలో ఒక్కచోటే ఉండేది, బాపూ అన్నా పనిచేసిన షెడ్డులో, ఎత్తున దూలానికి. సాంచాల మోతలో మనిషి మాట వినబడదు కాబట్టి గంటతోనే చెప్పేవాళ్లు. ఒక దెబ్బ పడితే జాబరు రావాలి, నేతగాళ్లు తలెత్తనక్కర్లేదు. రెండు పడితే అందరూ సాంచాలు ఆపాలి. షెడ్డు మూసినప్పుడు బాపు దాన్ని విప్పి తెచ్చుకున్నాడన్నమాట.

స్వరూప మీట రెండుసార్లు నొక్కింది.

ముడి వేస్తున్న దేవేందర్ చేతులు ఆగిపోయాయి. కుడిచెయ్యి దానంతటదే పక్కకు పోయింది, అక్కడ లేని సాంచ హ్యాండిల్ కోసం. కాసేపు తన చేతిని తనే చూసుకున్నాడు.

"మన షెడ్డు గంట," అన్నాడు.

"మోగిందా, లేదా?"

"మోగింది చెల్లె."

తాడు విప్పాడు. రాజన్న మంచివాడే, బల్ల దింపడానికి ఒక చెయ్యి వేశాడు. కానీ ఊరుకోలేకపోయాడు. "ఆడిమనిషి దగ్గరికి గంటలు పట్టుకొని ఎవలత్తరే?"

"రాకపోతె నేనే వాళ్లింటికి పోత," అంది స్వరూప.

దేవేందర్ అరుగు మీద కూర్చుని గంటను చాలాసేపు చూశాడు. భివండి బస్సు సంగతి భార్య గుర్తుచేసినా కదల్లేదు. తర్వాత మీట మీద వేలు పెట్టి ఒక్కసారి నొక్కాడు.

ఆ దెబ్బకు లేవాల్సిన మనిషి ఇప్పుడు లేడు. స్వరూప తండ్రి పానా అందుకుని లేచి నిలబడింది.