ఆరు వారాల గూడు

నాలుగేళ్ల కిందట సంతోష్‌నగర్ బస్సులో ఒక గౌలిపుర ముసలామె నా పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లోని గంపలో చుక్కల గిన్నెకోళ్లు గోల చేస్తున్నాయి.

“అమ్మనీకి తీస్కపోతున్న సేటూ. పోయినసారి కొన్నాయన రెండో రోజే ఇడిసిండు. పాత ఇల్లు ఎతుక్కుంట పోయి ఆగమైనయి,” అంది.

నన్ను సేటూ అని ఎవరూ పిలవక చాలాకాలమైంది. నిటారుగా సర్దుకుని, మరి అలవాటు చేసేదెలా అని అడిగాను.

“ఆరు వారాలు కొత్త గూట్ల మూసిపెట్టాలె. పొద్దుగూకంగ డబ్బా సప్పుడు చేసి జొన్నలెయ్యాలె. ఆనక ముందుగాల ఒక్కదాన్నే ఇడువాలె. లోపలియి పిలుస్తుంటే అది ఎటూ పోదు.”

“అప్పటికీ పాత ఇల్లే కావాలంటే?”

“కోస్కొని తింటరు, ఇంకేం జేస్తరు?” అని నవ్వింది. “మీ ఇల్లెక్కడ సేటూ?”

“కార్వాన్,” అన్నాను. ఆ ఇల్లు అమ్మి అప్పటికి తొమ్మిదేళ్లు.

“అయ్యో, ఈ బస్సు అటు పోదు గద!” ఆమె నిజంగానే కంగారుపడి కండక్టర్‌ను కేకేసింది. “ఆపు భాయ్, పెద్దాయన తప్పు బస్సెక్కిండు!”

బస్సంతా నావైపు చూసింది. సంతోష్‌నగర్‌లోని నా అద్దె గదికి ఇంకా నాలుగు స్టాపులున్నాయి. ఆమెకు దండం పెట్టి దిగాను. బస్సు కనుమరుగయ్యేదాకా ఆగి, అది వెళ్లిన దారినే ఎండలో నడిచాను.