వదిన చెప్పిన తేదీ

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే తల్లి మీద చిర్రుబుర్రులాడి, కాసేపటికి తానే నవ్వుతూ నా పక్కన చేరి, ఇంకో మూడు రోజుల్లో నెలసరి వస్తుందనీ ఈ చిరాకంతా హార్మోన్లదేననీ పొద్దున్నే ఫోను చెప్పిందని నాకు చూపించింది. బతుకంతా నర్సుగా చేసినదాన్ని, నాకే పాఠం! అండం తయారయ్యేదాకా ఒక హార్మోను పెరుగుతుందని, తరువాత ఇంకోటి అందుకుంటుందని, గర్భం నిలవకపోతే రెండూ పడిపోయి బహిష్టు వస్తుందని మేము ఏనాడో బట్టీ పట్టాం. నవ్వి ఊరుకోవలసినదాన్ని, అందులో తాను రాసుకున్న తేదీల వరుస చూడగానే, ఇవన్నీ ఫోనుకెందుకు చెప్పావని పిల్లను కసిరేశాను. దానికి చెప్పలేకపోయిన కారణం నా ఈడువాళ్లయిన మీకు చెప్పుకుంటాను.

వైరా దగ్గర పల్లెలో పుట్టిన నాకు ఇరవై రెండేళ్లకే ఉద్యోగం వచ్చి, మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య అడవి అంచు ఊళ్లు అప్పజెప్పారు. నేను కిరాయికి ఉన్న ఇంటి పెద్దమ్మ ముఠా మేస్త్రి, అంటే మిరప కోతకు ఆడవాళ్లను పోగుచేసి గోదావరి ఒడ్డు తోటలకు తీసుకుపోయే మనిషి. కన్నతల్లిలా చూసింది నన్ను, వేడివేడి జొన్నరొట్టె నాకు పెట్టిన తరువాతే తాను తినేది. పక్కింటి ఆమెను నేను వదినా అని పిలిచేదాన్ని. ఆమె భర్త దగ్గుతో మంచం పట్టి ఉండేవాడు, కోతకాలం మూడు నెలల కూలితోనే వాళ్లకు వానాకాలం గడవాలి.

బహిష్టు అయిన ఆడది అడుగుపెడితే మిరపకు ఆకుముడత తెగులు పడుతుందని తోటల వాళ్ల నమ్మకం. ముడత తెచ్చేది పురుగులని చెప్పబోతే అందరూ నన్నే వింతగా చూసేవారు. ఆ అయిదు రోజులూ ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు కాబట్టి కొందరు గుట్టుగా వెళ్లేవారు, వదిన కూడా వెళ్లేది. ఇంటింటికీ తిరిగి పెళ్లయిన ఆడవాళ్ల బహిష్టు తేదీలు పుస్తకంలో రాసుకోవడం నా పని, ఎవరికి నెల తప్పిందో, కాన్పు ఎప్పుడో వాటిని బట్టే లెక్క కట్టేవాళ్లం. తలుపు చాటుకు పిలిచి, నా చెవిలో చెప్పేవారు. మొగుడికీ అత్తకూ చెప్పనిది నాకు చెబుతున్నారని నాకెంత గర్వమో!

ఒక పొద్దున పెద్దమ్మ రొట్టె చేతికిచ్చి, "జర నీ బుక్కు చూసి చెప్పు బిడ్డా, ఈ వారం తోటకు ఎవరు రావొద్దో. తోటాయన నన్నే తిడ్తుండు" అంది. నేను చెప్పాను. ఆమె నన్ను బెదిరించలేదు, ఆశపెట్టలేదు, తిన్న తిండి మొహమాటానికి నేనే నాలుగు పేర్లు చదివి వినిపించాను. మరునాడు వదినను తోట గట్టు మీదే అందరి ముందూ ఆపి వెనక్కి పంపారు. ఎండలో అంత దూరం ఒక్కతే నడిచి వచ్చిన ఆమె, వాకిట్లో నిలబడ్డ నన్ను చూసి తలుపు వేసుకుంది.

ఆ తరువాత ఊళ్లో ఎవరూ నాకు నిజమైన తేదీ చెప్పలేదు. నోటికి వచ్చింది చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని. కొన్నాళ్లకు వదిన నెల తప్పింది. నా పుస్తకంలో ఉన్న ఆఖరి తేదీని బట్టి లెక్క కట్టి, కాన్పు ఫలానా నెలలో అని చెప్పేశాను. కడుపు మీద చెయ్యి వేసినప్పుడల్లా బిడ్డ నా లెక్క కంటే పెద్దగానే తగిలేది, అయినా చేతిని కాదని పుస్తకాన్ని నమ్మాను. నొప్పులని వచ్చిన రోజున ఇంకా నెల ఉంది, ఇవి దొంగ నొప్పులు వదినా అని ధైర్యం చెప్పి ఇంటికి పంపాను. ఆమె నోరు తెరిచి ఏదో చెప్పబోయి, నా చేతిలోని పుస్తకం వైపు చూసి వెనుదిరిగింది.

సాయంత్రానికి కబురు వచ్చి పరుగెత్తేసరికి బిడ్డ కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి, తల లోపలే ఉండిపోయింది. జీపు దొరికి భద్రాచలం దవాఖానాకు చేర్చి తల్లిని దక్కించుకున్నాం. బిడ్డ దక్కలేదు, మగపిల్లవాడు. తేదీ తప్పు చెప్పిందని అందరూ వదిననే తిట్టారు, అలా ఎందుకు చెప్పవలసి వచ్చిందో నేను నోరు విప్పలేదు. ఆ పాపం నాదే.

రెండేళ్లకు ఆమె మళ్లీ నెల తప్పింది. తానే మా వాకిట్లోకి వచ్చి, పెద్దమ్మ లేని వేళ చూసి నా మణికట్టు పట్టుకుని, "నర్సమ్మా, ఈసారి నిజం చెప్త. రాయకు, మనసుల పెట్టుకో" అని తేదీ చెప్పింది. నేను పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను. పై అధికారి చీవాట్లు పెడితే పడ్డాను. నెల ముందే ఆమెను దవాఖానా దగ్గర చుట్టాల ఇంట్లో దింపి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది, క్షేమంగా ఉంది.

ఆ ఊళ్లలో ఇప్పుడు కోతకు వచ్చే ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడగడం లేదట. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైంది, వదిన కూడా పోయి నాలుగేళ్లు. ఎన్ని వేల తేదీలు రాశానో, ఒక్కటీ గుర్తులేదు. ఆమె చెప్పిన ఆ ఒక్క తేదీ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ కూడా రాయను.