చనిపోయినవాళ్ల దాహం: సూర్యాపేట నుంచి నిడమనూరుకు ఒక మూడో రోజు ప్రయాణం

సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు నేను చరిత్ర చెబుతాను. పాతకాలపు యూరప్‌లో జనం చావు గురించి ఏమనుకునేవారన్న పాఠం వాళ్లకు భలే ఇష్టం. గ్రీకులు శవం నోట్లో నాణెం పెట్టేవారు, అవతలి లోకపు నది దాటించే పడవవాడికి అది కిరాయి అంటే క్లాసంతా నవ్వుతుంది. రోమన్లు సమాధిలోకి గొట్టం దించి ద్రాక్షసారాయి పోసేవారంటే వెనక బెంచీలు ఇంకా గట్టిగా నవ్వుతాయి. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్నే. ఇంతలో మా బావ గుండెపోటుతో పోయాడు. ఆయన్ను మట్టిలో పెట్టి నేను పరీక్షల డ్యూటీకి తిరిగొచ్చాను. మూడో రోజు తెల్లవారగానే నిడమనూరు నుంచి అక్క ఫోన్. "చెల్లె, ఇయ్యాల పిట్టకు పెడుతున్నం. కోదాడ హోటల్ల చేపల పులుసు పట్టుకరావే. మీ బావకు గదంటే పానం." పోయినవారికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, పక్షి వచ్చి ముట్టేదాకా కనిపెట్టుకుని ఉండటం మా వైపు ఆచారం. ముట్టకపోతే వారికేదో కొరత మిగిలిపోయిందని అందరికీ భయం.

సూర్యాపేటలో ఏడింటికి బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా కోదాడ. ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లకు చార్జీ లేదు, ఆధార్ కార్డు మాత్రం మర్చిపోకండి. బావ లారీ నడిపేటప్పుడు ఆగే హోటల్ హైవే పక్కనే ఉంది. "పొద్దున్నే చేపలెవరికమ్మా?" అని అడిగింది వంటామె. చెప్పాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ లావుపాటి డ్రైవరు గారా? మొన్నీమధ్యేగా ఇక్కడ తిని వెళ్లారు! మా పులుసు పిట్ట ముట్టకపోతే మాత్రం నన్ననుకోకండమ్మా" అంటూ డబ్బా నింపి ఇచ్చింది.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పల్లెవెలుగులో రెండు గంటలు పడుతుంది. హుజూర్‌నగర్ దాటాక బావ చెల్లెలు ఫోన్ చేసింది. "వదినె పొద్దున షుగర్ సూది ఏసుకున్నది. పిట్ట ముట్టేదాక మెతుకు ముట్టనని మా అన్న మీద ఒట్టు పెట్టుకున్నది. చేతులు వణుకుతున్నయ్, జల్ది రా." ఇన్సులిన్ తీసుకుని తిండి తినకపోతే మనిషి ప్రాణానికే ముప్పు. "ఏదన్నా తీపి పెట్టుండ్రి!" అని అరిచాను. "ఒట్టు ఎట్ల తప్పిపియ్యాలె?" అని ఆమె ఏడ్చింది. డ్రైవర్ దగ్గరికి వెళ్లి "జర జల్ది పోనియ్యన్నా" అని బతిమాలాను. "రైసుమిల్లు లారీలు ముంగట అడ్డమున్నయక్కా, ఎగిరి పోతనా?" అన్నాడు.

పాత గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో, డ్రూయిడ్లనే గురువులుండేవారు. ఏళ్ల తరబడి చదువంతా రాతలో పెట్టకుండా నోటికే నేర్పేవారు. ఆత్మ చావదు, ఇంకో ఒంట్లోకి వెళుతుందని చెప్పేవారు. అది నేర్చుకున్నవాళ్లకు యుద్ధంలో చావు భయం ఉండేది కాదట. ఏటా ఈ పాఠం చెప్పే నాకు, ఆ బస్సులో అందులోని ఒక్క ముక్క కూడా ధైర్యం ఇవ్వలేదు.

మిర్యాలగూడలో హాలియా బస్సు ఎక్కితే నిడమనూరులో దిగవచ్చు. నేను ఆగలేక ఆటో మాట్లాడుకున్నాను. పొలంలో బావను పెట్టిన కొత్త మట్టి మీద ఆకు పరిచి ఉంది, దాని ముందు ఆయనకిష్టమైన కూల్‌డ్రింక్ సీసా, పిట్ట జాడ లేదు. అక్క ఒళ్లంతా చెమటలు, తల వాలిపోతోంది, నోట్లోంచి ముద్దముద్దగా ఏవో మాటలు. చుట్టూ అందరూ చేతులు జోడించి ఉన్నారు. బావ వాళ్ల పెద్దనాయన ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని "కొడుకా, అచ్చినవా? ఏం కావాల్నో చెప్పు బిడ్డా!" అని అడుగుతున్నాడు. షుగర్ పడిపోయి వణుకుతున్న మనిషికి బావ పూనాడనుకుంటున్నారు. "నాకూ..." అంది అక్క, మగగొంతుతో. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకూ బావే అనిపించింది.

"షుగర్ తగ్గింది, తీపి తాగిపియ్యాలె!" అంటూ చేపల డబ్బా కింద పెట్టి ముందుకురికాను. "దూరం జరుగు! ఆడు మాట్లాడుతుండు. ఒట్టు చెడితే మళ్ల రాడు" అని పెద్దనాయన అడ్డుపడ్డాడు. ఎవరో నా రెక్క పట్టుకున్నారు. నా కళ్ల ముందే అక్క పోతుందనుకున్నాను. గ్రీకు కథల్లో చనిపోయినవాళ్లు నీడల్లా వస్తారు, తాగడానికి ఏదైనా పోస్తేగానీ నోరు విప్పలేరు. అది గుర్తొచ్చింది.

"పెద్దనాయనా, గంత దూరం నుంచి వచ్చినోన్ని నీళ్లన్న ఇయ్యకుండ మాట అడుగుతరా? బావకు దూపైతుంది. ఆయన కోసం పెట్టిన కూల్‌డ్రింక్ ఆయనకే పొయ్యుండ్రి. తాగేది అక్క కాదు, బావ!"

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆకు ముందున్న సీసా మూత తనే తీసి, అక్క తల ఎత్తి పట్టుకుని గుక్కగుక్కగా తాగించాడు. వణుకు తగ్గి అక్క చూపు నిలబడేదాకా నేను ఆమె పక్కనే కూర్చున్నాను. పిట్ట ముట్టిందో లేదో ఎవరూ చూడలేదు.

పోయినవాళ్లు నది దాటుతారో, ఇంకో ఒంట్లోకి వెళతారో నాకు తెలియదు. వాళ్లు ఆకలితో తిరుగుతుంటారన్న భయం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటేనని తెలిసింది. ఇక ఆ పాఠం నవ్వుతూ చెప్పలేను. మీరెప్పుడైనా ఇలాంటి ఇంటికి వెళితే, షుగర్ ఉన్నవాళ్లను ముందుగా "సూది వేసుకున్నారా, తిన్నారా" అని అడగండి. అక్క తేరుకున్నాక నా చెయ్యి పట్టుకుంది. "మీ బావ అచ్చిండంట గద చెల్లె. ఏమన్నడే?" అందరూ నా వైపు తిరిగారు.

"నిన్ను తినుమన్నడు" అన్నాను.