కొబ్బరి చెట్ల పాట

మొన్న ఆదివారం పుణే నుంచి ఫోన్ చేసి, “అమ్మమ్మా, గవర్నమెంటు లెక్కల పేపరొకటి పెట్టారు, అక్రూవల్ అంట, నా బుర్రకి ఎక్కట్లేదు” అన్నావు చూడు, దిగులు వేయాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక ఫోన్ మీ తాతయ్య చేతికి ఇచ్చేశాను. నువ్వు చిన్నబుచ్చుకున్నావేమోనని ఇది నీకూ, చెన్నైలో ఉన్న తమ్ముడికీ కలిపి చెబుతున్నాను. ఆ పాఠం నీకు కొత్త కాదమ్మా. నువ్వు పుట్టకముందే, నువ్వు వింటుండగానే నేను నేర్చుకున్నాను.

అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి. మా ఊరి మునిసిపల్ ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఏళ్ళ తరబడి ఉత్తరాల సెక్షన్‌లో ముద్రలు కొట్టి, చివరికి అకౌంట్స్ సీటు సంపాదించుకున్నాను. ఆ సీటంటే ప్రాణం. వీధి దీపం వెలిగినా, కాలవ మీద వంతెనకి సున్నం వేసినా, ఆ కాగితం ముందు నా బల్ల మీదికి రావాల్సిందే. కూరల బజారుకి వెళుతుంటే ఊరంతా నేనే నడుపుతున్నట్టుండేది. “తప్పుకోండి, కమిషనర్ గారు వస్తున్నారు” అని మీ తాతయ్య వెనకాల సంచీ పట్టుకుని వెక్కిరించేవారు. సరిగ్గా అప్పుడు పైనుంచి ఆర్డరొచ్చింది. వచ్చిందెంత, పోయిందెంత అని రాసుకునే పాత పద్ధతి ఇక చాలదట. ఊరికి ఆస్తులేమున్నాయి, ఎవరికి ఏం బాకీ, ఏ ఆదాయం ఏ ఏడాదిది, అన్నీ జంట పద్దుల్లో చూపాలట. రాజమండ్రిలో ట్రైనింగు. ఆఖరి రోజున ఎవరి ఊరి లెక్క వాళ్ళు తయారుచేసి, అందరి ముందూ చదివి ఒప్పించాలి. ఒప్పించలేనివాళ్ళు మళ్ళీ ఉత్తరాల సెక్షన్‌కే.

రోజూ పొద్దున్నే రామచంద్రపురం మీదుగా వెళ్ళే బస్సెక్కేదాన్ని. కడియం దగ్గర నర్సరీల తడిమట్టి వాసన కిటికీలోంచి వచ్చేసరికి మనసు తేలికయ్యేది. క్లాసులో కూర్చోగానే మళ్ళీ బరువెక్కేది. సాయంత్రం ఇంట్లో రెండో క్లాసు. మీ అమ్మ బీకాం చదివింది కదా, నిన్ను కడుపులో పెట్టుకుని పురిటికి వచ్చి, వసారాలో మంచం మీద పడుకుని నాకు పాఠం చెప్పేది.

“డబ్బు వస్తే డెబిట్ అమ్మా.”

“వచ్చింది జమ కదే! బ్యాంకులో నా జీతం పడితే వాళ్ళు క్రెడిట్ అంటున్నారు మరి?”

“అది వాళ్ళ వైపు నుంచి. వాళ్ళు నీకు బాకీ కాబట్టి.”

“నా డబ్బు దాచుకుని నాకే తిరకాసు లెక్కా?”

మీ అమ్మ పగలబడి నవ్వేది. ఆ కుదుపుకి నువ్వు లోపల కాలు తన్నేదానివి. “చూశావా, దీనికి అర్థమైంది. నీకే అవట్లేదు” అనేది. జమ అన్న మాట చిన్నప్పటినుంచీ నాలుక మీద ఉన్నది, దాన్ని అవతలి వైపుకి నెట్టడానికి వారం పట్టింది. అక్రూవల్ మాత్రం కొరుకుడు పడలేదు. చేతికొచ్చిన డబ్బు ఆదాయం కాకపోవడమేమిటో ఎంత తన్నుకున్నా తెలిసేది కాదు.

ఆఖరి రోజుకి లెక్క ఇంగ్లీషులో పెట్టమన్నారు. మా రిజిస్టర్లన్నీ తెలుగే. రేవు పాట, సంత పాట, కాలవగట్టు కొబ్బరి చెట్ల పాట అనే తరతరాలుగా రాస్తున్నారు. ఎవరు ఎక్కువకి పాడుకుంటే ఆ ఏడాది ఆ రేవు, ఆ చెట్లు వాళ్ళవి. నేను తొందర మీద రాసుకుపోతూ, “పాటని ఇంగ్లీషులో ఏమంటారే?” అని అరిచాను. ఆదివారం మధ్యాహ్నం నిద్రలో ఉన్న మీ అమ్మ కళ్ళు తెరవకుండానే “సాంగ్” అంది. రాసేశాను.

మా మాస్టారు ఆడిట్‌లో పనిచేసి రిటైరైనాయన, మాట మెత్తన, చూపు చురుకు. నా కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “ఏమండీ, మీ ఊళ్ళో కొబ్బరి చెట్లు పాడతాయాండీ?”

క్లాసంతా గొల్లుమంది. నరసాపురం నుంచి వచ్చే గుమాస్తా గారు లేచి, “మా వైపు రేవు కూడా పాడుద్దండి. ఏరు దాటించే పంటు లేటయితే జనం తాళం వేస్తారు” అన్నారు. నాకు ముందు చెవులు మండాయి. ముద్రల బల్ల కళ్ళముందు కనిపించింది. తర్వాత ‘కోకోనట్ సాంగ్’ అని ఇంత పెద్ద అక్షరాలతో నా చేతిరాత చూసుకుని నేనూ నవ్వేశాను. నవ్వాక భయం పోయింది.

“సరేనండీ,” అన్నారు మాస్టారు, “ఈ పాట ఎప్పుడు జరుగుద్ది?”

“మార్చిలోనండి. సగం డబ్బు ఆవేళే కట్టేస్తారు.”

“మరి కాయ దింపులు?”

“ఏప్రిల్ దాటాకేనండి, కొత్త లెక్కల సంవత్సరంలో...” అంటూ ఆగిపోయాను. కాలవగట్టు మీద గెలలు కళ్ళకి కట్టాయి. ఒక్క కాయా కిందికి దిగలేదు; డబ్బు మాత్రం మా పెట్టెలో ఉంది. “మాస్టారూ, ఇది ఈ ఏడాది ఆదాయం కాదండీ! డబ్బు మా దగ్గరున్నా, కాయలు పాటదారుకి మేం బాకీ. దింపు మొదలయ్యాకే ఇది మా ఆదాయం.”

“ఇన్నాళ్ళూ నేను చెప్పింది అదేనండి,” అని ఆయన హాయిగా కుర్చీలో వెనక్కి వాలారు. “పద్దు బాకీల వైపుకి మార్చండి. ఆ సాంగ్ కొట్టేసి ఆక్షన్ అని రాయండి. మీ సీటు మీదే.”

ఆవేళ క్లాసు మొత్తానికీ నేనే రోజ్‌మిల్క్ తాగించాను. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ, “ఇక చాలమ్మా, ఇప్పుడే పుట్టేసేలా ఉంది” అంది. ఆ వారంలోనే పుట్టావు.

రిటైరయ్యేదాకా ఆ సీటులోనే ఉన్నాను. బళ్ళో నేర్చిన పద్యాలు ఈమధ్య ఒక్కొక్కటే జారిపోతున్నాయి. యాభై దగ్గర నేర్చుకున్న ఆ రోజు మాత్రం నిన్నటిదిలాగే ఉంది. కాలం అన్నిటినీ ముసలి చేస్తుందంటారు గానీ, మనం ఏదైనా నేర్చుకున్న రోజు జోలికి మాత్రం అది రాదనుకుంటాను.