పెళ్లి ఊరేగింపులో నవాబు గుర్రం

నా చిన్నప్పుడు ఆదోనిలో మా పక్కింటి నడవలో గుర్రం పటం ఒకటి ఉండేది. ఒకప్పటి నవాబుకు ప్రాణప్రదమైన స్వారీ గుర్రాన్ని ఎవరో చిత్రకారుడు నిలువెత్తుగా గీశాడు. తెల్లని మేను, ఎర్రని జీను, మనిషిని పలకరిస్తున్నట్టుండే కళ్లు. ఆ ఇంటివారి పూర్వీకులు నవాబు గుర్రపుశాలలో పనిచేసినవారట. అందుచేత ఆ ఇంట పెళ్లి జరిగితే పటాన్ని వాకిట నిలిపి, మల్లెదండ వేసి, ఎదుట నానబెట్టిన శనగలు పెట్టేవారు. వరుడు దానికి సలాము చేసిన పిమ్మటే కదలాలి.

ఆ ఇంటి పెద్దావిడను అందరమూ నానీ అనేవాళ్లం. ఆమె మనవడు పెళ్లినాడు అద్దెకు తెచ్చిన గుర్రమెక్కి భక్తిగా సలాము చేశాడు. గుర్రం శనగలన్నీ తినేసి, పటంలోని గుర్రాన్ని చూస్తూ అక్కడే నిలబడిపోయింది. కళ్లెం లాగినా, వెనుకనుంచి నెట్టినా అడుగు వేయలేదు. ఖాజీగారు మరో ఊరి నికాకు వెళ్లవలసి ఉంది. ఆలస్యమైతే ఈ నికా ఆగిపోతుందని వధువు ఇంటినుంచి కబురు వచ్చింది.

"ఏమన్నా, నీకంటే ముందు నీ గుర్రానికే సంబంధం కుదిరినట్టుండాదే!" అన్నాడొక మిత్రుడు.

"నవ్వింది సాలు, తోలండప్పా!" అని పూలముసుగులోనుంచి వరుడు మొరపెట్టుకున్నాడు.

ఎవరో చర్నాకోల తెచ్చారు. నానీ అడ్డుపడింది.

"పెండ్లి దినం దెబ్బలేందప్పా? జతను ఇడిసి రానంటాంది. జతనే ముందర నడిపించండి. పాపా, నువ్వొక పక్క పట్టుకో. బొమ్మ మొగం ఎనక్కి తిప్పండి."

ఒక పక్క నేను పట్టుకున్నాను. రెండో పక్క ఎవరు పట్టుకున్నారనుకున్నారు? వీధిలో ఈ క్రమశిక్షణ లేని గోల ఏమిటని మందలించడానికి వచ్చిన మా తాతయ్య! మేము పది అడుగులు వేశామో లేదో, వెనుక డెక్కలు టకటకలాడాయి. మేళం అందుకుంది. "నవాబు సవారీ వస్తాండాది, దావ ఇడవండి!" అంటూ అంగళ్లవాళ్లు నవ్వుతూ తప్పుకున్నారు. ఖాజీగారు చెప్పులు తొడుక్కుంటుండగా వధువు ఇంటికి చేరుకున్నాము. ఆయన కూడా నవ్వుతూ చెప్పులు మళ్లీ విడిచారు.

తరువాత నేను ఎమ్మిగనూరులో ఉపాధ్యాయినిగా పనిచేశాను. క్రమం తప్పితే సహించే స్వభావం కాదు నాది. అయినా మొండికేసిన పిల్లను చూసి బెత్తం అందుకోబోయిన ప్రతిసారీ మనసులో నానీ అడ్డుపడేది. బెత్తం బల్లమీద పెట్టి, ఆ పిల్లకు ఇష్టమైనదేదో ముందు పట్టుకొని, దాన్ని ఆ పిల్లవైపే తిప్పి నడిచేదాన్ని. కాసేపటికి నా వెనుక డెక్కల చప్పుడు వినిపించేది.