క్షేమం కడపటి వాక్యంలో

ఈ రోజు పొద్దున పేపరులో ‘పలమనేరు బస్సు బోల్తా’ అని పెద్ద అక్షరాలు చూసి చేతిలోని కాఫీ కింద పెట్టేశాను. మా చిన్నబ్బాయి నిన్న ఊరికి వెళ్లింది పలమనేరు బస్సులోనే. చేరానని చెప్పలేదు, ఇప్పుడు ఫోనూ తీయడు. నేను కూడబలుక్కుని చదివేదాన్ని. రెండు వాక్యాలకే కళ్లు మసకబారాయి. తిరుపతిలో పేపరాఫీసులో పనిచేసే మనవరాలికి ఫోను చేశాను.

“కడాకు సదివినావా అవ్వా? ఎవురికీ ఏమీ కాలేదని ఆడ రాసుండాది. చిన్నాయన రాత్రే ఇల్లు చేరినాడు. నువ్వు పడుకోనుంటావని నాకు చెప్పినాడు.”

“ఎవురికీ ఏమీ కాలేదని మొదటే రాస్తే ఏం పోతాదే?”

“ముఖ్యమైంది ముందు రాయల్ల, మిగతాది ఎనక. మా పద్ధతి అది.”

“క్షేమం ముఖ్యం గాదా? మేం జాబు రాస్తే ‘ఇక్కడ అందరం క్షేమం’ అనే మొదలుపెడతా ఉంటిమి. జొరమొచ్చినా, ఆవు సచ్చినా దాని తర్వాతే!”

పిల్ల నవ్వి పెట్టేసింది. సాయంత్రం తనే ఫోను చేసి, “అవ్వా, ఇక్కడ అందరం క్షేమం” అని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏం చెబుతుందోనని నా గుండె మళ్లీ దడదడలాడింది. తీరా చూస్తే, అన్నం తిన్నావా అని అడగడానికట! మీ ఇళ్లలో కబురు ఏ కొసనుంచి చెబుతారు?